ట్యాంకులో ఏముందో ఏ ఆఫీసును అడగాలి? 2020 విశాఖ స్టైరీన్ లీకు: కాగితాల వైపు నుంచి ఒక కేస్ స్టడీ

2020 మే 7 తెల్లవారుజామున, మూడు గంటల ప్రాంతంలో విశాఖపట్నం గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. అధికారిక లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చుట్టుపక్కల ఊళ్ళను ఖాళీ చేయించారు. ట్యాంకు ఎందుకు వేడెక్కిందన్నదాని మీద చాలా రాతలు వచ్చాయి. ఇక్కడ చూసేది అది కాదు. లీకుకు ముందు రోజు ఆ ప్లాంటు గోడ పక్కన ఉండే మనిషికి లోపల ఏముందో తెలుసుకోవాలనిపిస్తే చట్టప్రకారం ఎక్కడికెళ్ళాలి, ఏ కాగితం దొరుకుతుంది, ఏది ఎంత తిరిగినా దొరకదు అన్నదే ఇక్కడి ప్రశ్న. హానికర రసాయనాలు వాడే ఏ ఫ్యాక్టరీకైనా ఇదే దారి పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఫ్యాక్టరీ అనగానే జనం పీసీబీ, అంటే కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు వెళతారు. అక్కడ దొరికేది చిమ్నీలోంచి, కాలువలోంచి బయటికొచ్చే దాని లెక్క. వెంకటాపురంలో ప్రాణాలు తీసింది ట్యాంకులో నిలవ ఉన్న సరుకు. దాని కాగితాలు ప్రధానంగా ఉండేది ఫ్యాక్టరీల శాఖలో. ఈ తేడా తెలియక తప్పు తలుపు తట్టిన దరఖాస్తులు లెక్కలేనన్ని.

జరిగింది, క్లుప్తంగా

ప్లాంటు 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది. 1997లో ఎల్జీ కెమ్ చేతికి వచ్చింది. తయారయ్యేది పాలీస్టైరీన్, ముడిసరుకు స్టైరీన్. లాక్‌డౌన్ వల్ల మార్చి చివరి నుంచి ప్లాంటు ఆగింది గానీ ఎం-6 అనే ట్యాంకులో సుమారు 1,800 టన్నుల స్టైరీన్ అలాగే ఉండిపోయింది.

స్టైరీన్‌కు తనంతట తానే పాలిమర్‌గా మారే గుణం ఉంది. మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మార్పు ఇంకా జోరందుకుంటుంది. దీన్ని ఆపడానికి రెండు పనులు చేయాలి. ద్రవాన్ని చల్లగా ఉంచాలి. టర్షియరీ బ్యూటైల్ కాటెకాల్, అంటే టీబీసీ అనే నిరోధకాన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) లెక్కన కలిపి, తగ్గినప్పుడల్లా మళ్ళీ కలపాలి. టీబీసీ పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి, ద్రవం ట్యాంకులో తిరుగుతూ ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ప్రకారం శీతలీకరణను సాయంత్రం 5 గంటలకు ఆపేసేవారు. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. టీబీసీ చాలినంత లేదు. పైన ద్రవం మరిగిపోతున్నా కింది మీటరులో ఆ సంగతి కనబడలేదు. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ రాత్రి ట్యాంకులో వేడి దాన్నీ దాటింది.

అదే నివేదికలోని మరో మాట ఈ కేసుకు ఇంకా ముఖ్యం. అత్యవసర సైరన్‌ను 36 చోట్ల నుంచి మోగించే వీలుంది. ఎక్కడి నుంచీ మోగించలేదు.

రెండు జాబితాలు

భోపాల్ తర్వాత అమెరికా 1986లో తెచ్చిన చట్టం ఈ తేడాను చక్కగా విడదీసింది. ఏటా బయటికి వదిలిన విషపదార్థాల లెక్క ఒకటి. దాన్నే టీఆర్ఐ అంటారు, మొదటి లెక్కలు 1987 సంవత్సరానివి. ఆవరణలో నిలవ ఉన్న హానికర రసాయనాల జాబితా రెండోది. మామూలు రసాయనాలైతే 10,000 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర టన్నులు దాటిన నిలవను ఏటా మార్చి 1లోగా స్థానిక ప్రణాళికా కమిటీకి, ఫైర్ డిపార్ట్‌మెంటుకు చెప్పాలి. జనం ఆ జాబితా అడిగి తీసుకోవచ్చు. ఐరోపాలో 1998 నాటి ఆర్హస్ ఒప్పందం, 2003 నాటి కీవ్ ప్రోటోకాల్ పర్యావరణ సమాచారాన్ని హక్కుగా మార్చాయి.

మన దేశంలో రెండూ ఉన్నాయి. ఒకచోట లేవు, అంతే తేడా. బయటికొచ్చే దాని లెక్క పీసీబీలో సీఎఫ్ఓ (ఫ్యాక్టరీ నడపడానికి ఇచ్చే అనుమతి), ఫారం-5 (వార్షిక నివేదిక), హజార్డస్ వేస్ట్ రిటర్న్ (హానికర వ్యర్థాల లెక్క) అనే మూడు ముక్కలుగా ఉంటుంది. నిలవ సరుకు లెక్క 1989 నాటి హానికర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనల కింద ఫ్యాక్టరీల శాఖలోనూ, పెట్రోలియం వర్గంలోకి వచ్చే ద్రవాలైతే లైసెన్సు రూపంలో పెసో అనే కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థలోనూ ఉంటుంది. ఆఫ్‌సైట్ ప్లాను, అంటే గోడ బయటి అత్యవసర ప్రణాళిక కలెక్టరేట్‌లో, ఈసీ (పర్యావరణ అనుమతి) ఫైలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో. ఒకే గేటు వెనకున్న సంగతికి ఐదు చిరునామాలు.

ఎవరూ చదవని అఫిడవిట్

లీకు జరిగిన కొద్ది రోజుల్లోనే పత్రికల్లో ఒక కాగితం గురించి వార్తలొచ్చాయి. 2019 మేలో కంపెనీ రాష్ట్ర స్థాయి పర్యావరణ మదింపు సంస్థకు ఇచ్చిన అఫిడవిట్ అది. ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి ఆ రోజుకు తమ దగ్గర లేదని అందులో కంపెనీయే రాసుకుంది. విస్తరణకు ఈసీ అడుగుతూ పెట్టిన దరఖాస్తులో భాగం కాబట్టి దాన్ని ఎవరూ దాచలేదు. లీకుకు దాదాపు ఏడాది ముందు నుంచీ ఉంది. చదివినవాళ్ళే లేరు.

ఎలా చదివి ఉండొచ్చో ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఏ ప్లాంటుకైనా ఇదే లెక్క. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి. మొదటిది ఈసీ: అందులో ఏ ఉత్పత్తి, ఏడాదికి ఎన్ని టన్నులు అని ఉంటుంది. రెండోది పీసీబీ ఇచ్చిన సీఎఫ్ఓ: మొదటి పేజీలోనే ఉత్పత్తుల పట్టిక ఉంటుంది, ఎక్కువగా రోజుకు టన్నుల్లో. మూడోది ఫారం-5: గత ఆర్థిక సంవత్సరంలో నిజంగా ఎంత తయారైందో, ఎంత నీరు, ఎంత ముడిసరుకు వాడారో ఫ్యాక్టరీయే రాసి ఇచ్చే వార్షిక నివేదిక. ఏటా సెప్టెంబరు 30లోగా పీసీబీకి చేరాలి.

యూనిట్ల దగ్గర జాగ్రత్త. ఒకచోట రోజుకు 100 టన్నులని, మరోచోట ఏడాదికి 36,500 టన్నులని ఉంటే రెండూ ఒకటే. కానీ ప్లాంటు ఏడాదికి 330 రోజులే నడుస్తుందని ఈసీలో రాసి ఉంటే సంఖ్య 33,000 అవుతుంది. అప్పుడు ఫారం-5లో 36,000 కనబడితే అది ఉల్లంఘన. పని దినాల లెక్క చూడకుండా గుణించి గొడవకు దిగితే మొదటి సమావేశంలోనే పరువు పోతుంది. మూడింట్లో ఈసీ అసలు లేకపోతే, ఫ్యాక్టరీ 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ పట్టికలో ఏ అంశం కిందికొస్తుందో చూడాలి. పెట్రోకెమికల్ ఆధారిత ప్రక్రియలు అందులో 5(ఇ). 2006కు ముందునుంచీ నడుస్తున్న ప్లాంటుకు ఈసీ లేకపోవడం ఒక్కటే తప్పు కాదు. ఆ తర్వాత సామర్థ్యం పెంచారా, ఉత్పత్తి మార్చారా అన్నది తేలాలి. కాబట్టి ఇప్పటి సీఎఫ్ఓ ఒక్కటీ చాలదు. 2006 నుంచి జారీ అయిన సీఎఫ్ఓలన్నీ తెప్పించి ఉత్పత్తి పట్టికను వరసగా చూడాలి. సామర్థ్యం ఏ ఏడాది ఎంత పెరిగిందో అప్పుడు ఇట్టే తెలిసిపోతుంది.

పరివేష్‌లో వెతికేటప్పుడు కంపెనీ ఇప్పటి పేరు ఒక్కటే కొట్టి ఊరుకోవద్దు. పాత పేరు, ఊరు పేరు, మండలం పేరు, ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు మూడు రకాలు ప్రయత్నించాలి. దరఖాస్తు దొరికాక ఫారం-1, ప్రీ ఫీజిబిలిటీ రిపోర్టు, ఈఐఏ నివేదిక, అదనపు సమాచారం కింద జతచేసిన ఫైళ్ళు అన్నీ దించుకోవాలి. అఫిడవిట్ల లాంటివి ఆ చివరి గుంపులోనే ఉంటాయి, ఫైలు పేరు చూస్తే ఏమీ తెలియదు. ఈఐఏలో రెండు చోట్లు చాలు. రెండో అధ్యాయంలో ముడిసరుకుల నిల్వ పట్టిక: రసాయనం, ట్యాంకు సంఖ్య, సామర్థ్యం, ఎంత వేడిలో ఎంత పీడనంలో ఉంచుతారు. ఏడో అధ్యాయంలో ప్రమాద అంచనా: ట్యాంకు పగిలితే ఆవిరి ఎంత దూరం పోతుందో లెక్కలు. ఆ దూరాన్ని మ్యాపు మీద గీస్తే ఏ వీధి దాని లోపలికొస్తుందో కనిపిస్తుంది. చాలా నివేదికల్లో ఈ అధ్యాయం వేరే ప్రాజెక్టు నుంచి ఎత్తి పెట్టినట్టుంటుంది. రసాయనాల పేర్లు రెండో అధ్యాయంలోని పట్టికతో సరిపోతున్నాయో లేదో చూస్తే చాలు, బండారం బయటపడుతుంది. పైప్ తెగడం లెక్క వేసి, ట్యాంకులో జరిగే రసాయన చర్య గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం మరో మామూలు లోపం. ఎం-6లో ట్యాంకు పగల్లేదు, గొట్టం తెగలేదు. సరుకే లోపల మారిపోయింది.

ఎవరికీ పంచని ఒక పేజీ

1989 నిబంధనల్లో రూల్ 13 ఆన్‌సైట్, అంటే గోడ లోపలి అత్యవసర ప్రణాళిక గురించి చెబుతుంది. అది ఫ్యాక్టరీ బాధ్యత, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్. రూల్ 14 ఆఫ్‌సైట్ ప్రణాళిక, అది జిల్లా యంత్రాంగం పని, ఏడాదికోసారి రిహార్సల్. రూల్ 15 మాత్రం నేరుగా గోడ అవతలి మనుషుల కోసం. ప్రమాదం వస్తే దాని బారిన పడగల వాళ్ళకు ఆ ప్రమాదం ఏ రకమైనదో, అప్పుడు ఏం చేయాలో ఏం చేయకూడదో ఫ్యాక్టరీ ముందే చెప్పి ఉండాలి, నేరుగా గానీ జిల్లా అత్యవసర యంత్రాంగం ద్వారా గానీ. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షన్ కూడా ఇదే చెప్పింది: కార్మికులకు, చీఫ్ ఇన్‌స్పెక్టరుకు, స్థానిక సంస్థకు, చుట్టుపక్కల జనానికి ప్రమాదాల వివరాలు వెల్లడించడం తప్పనిసరి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ ఈ వెల్లడింపు బాధ్యత ఉంది. పాత సంవత్సరాల కాగితాలు అడిగేటప్పుడు 41బిని, కొత్తవాటికి కోడ్‌ను ప్రస్తావించాలి.

1996 రసాయన ప్రమాదాల నిబంధనల కింద జిల్లా, స్థానిక సంక్షోభ బృందాలు కూడా ఉండాలి. స్థానిక బృందం నెలకోసారి, జిల్లా బృందం 45 రోజులకోసారి కూర్చోవాలి. ఆ సమావేశాల మినిట్స్ అడిగి చూడండి. మినిట్స్ లేవన్న జవాబు కూడా దాచుకోదగ్గ కాగితమే.

ఈ కేసులో నా అంచనా ఇది: టీబీసీ ఎంత ఉంది, వేడి ఎంత ఉంది అనే రోజువారీ లాగ్ షీట్లు ఏ ఆర్టీఐకీ సకాలంలో దొరికేవి కావు. అవి కంపెనీ లోపలి రికార్డు. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) ప్రకారం, ప్రభుత్వ సంస్థ మరో చట్టం కింద తెప్పించుకోగల ప్రైవేటు సమాచారం కూడా మనం అడగొచ్చు. అయినా 30 రోజుల గడువున్న దారిలో, గంటల్లో మారే ఉష్ణోగ్రతను పట్టుకోవడం కుదరదు. సమాచారం తెలిసుంటే ప్రమాదమే జరిగేది కాదనే మాట అందుకే నమ్మబుద్ధి కాదు. కానీ రూల్ 15 కాగితం, సైరన్ విషయం వేరు. వాటికి లాగ్ షీట్లు అక్కర్లేదు, ముందే పంచి ఉంచాల్సినవి. నిద్రలోంచి లేచి ఆవిరిలోకే పరుగెత్తి రోడ్డు మీద పడిపోయిన మనుషుల విషయంలో లెక్కకు వచ్చేది అదే.

దరఖాస్తు రాసే పద్ధతి

ఆర్టీఐ కంటే ముందు ఒక దారి ఉంది, చాలామంది వాడరు. 1974 నీటి చట్టం 25(6), 1981 వాయు చట్టం 51 ప్రకారం అనుమతి షరతుల రిజిస్టరును పీసీబీ నిర్వహించాలి. ఆ ఫ్యాక్టరీ వల్ల బాధపడేవాళ్ళు, సంబంధం ఉన్నవాళ్ళు ఎవరైనా పనివేళల్లో వెళ్ళి చూడొచ్చు. ఒక లెటరు రాసి, రసీదు తీసుకుని ప్రాంతీయ కార్యాలయానికి వెళితే పని అవ్వచ్చు. అవ్వకపోతే ఆ లెటరును ఆర్టీఐకి జత చేయొచ్చు.

ఆర్టీఐలో రుసుము ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయాలకు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, మిగతా చోట్ల 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. ఫ్యాక్టరీల శాఖకు పెట్టే దరఖాస్తు ఇలా ఉండాలి:

1. ఫలానా ఫ్యాక్టరీ 1989 నిబంధనల రూల్ 7 కింద ఇచ్చిన నోటిఫికేషన్, దానితో ఇచ్చిన రసాయనాల పేర్లు, గరిష్ఠ నిల్వ పరిమాణాల నకలు.
2. రూల్ 10 కింద అందిన చివరి రెండు సేఫ్టీ రిపోర్టులు, సేఫ్టీ ఆడిట్ రిపోర్టులు: అందిన తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, నకళ్ళు.
3. గత మూడేళ్ళలో రూల్ 13 కింద జరిపిన మాక్ డ్రిల్ తేదీలు, రిపోర్టుల నకళ్ళు.
4. రూల్ 15 కింద చుట్టుపక్కల జనానికి సమాచారం ఇచ్చినట్టు మీ వద్ద ఉన్న రికార్డు: కరపత్రం నకలు, పంచిన వీధులు, తేదీలు. రికార్డు లేకపోతే లేదని రాతపూర్వకంగా తెలపాలి.
5. గత మూడేళ్ళ తనిఖీ నివేదికలు, ఇచ్చిన నోటీసులు, ఫ్యాక్టరీ ఇచ్చిన సమాధానాలు.
6. పై ఫైళ్ళను సెక్షన్ 2(జె) కింద స్వయంగా పరిశీలించే అవకాశం, తేదీ, సమయం.

ఇందులో ప్రతి మాటకూ కారణం ఉంది. "మీరెందుకు చర్య తీసుకోలేదు" అని అడిగితే పీఐఓ, అంటే ఆ ఆఫీసులోని సమాచార అధికారి జవాబివ్వనక్కర్లేదు. ఆయన ఉన్న కాగితం ఇవ్వాలి గానీ సంజాయిషీ రాయనక్కర్లేదు. "ఫ్యాక్టరీ కాలుష్య వివరాలు ఇవ్వగలరు" అంటే రెండు పేజీల లెటరు పంపి చేతులు దులుపుకుంటారు. నిబంధన సంఖ్య, కాగితం పేరు, కాలం ఈ మూడూ ఉంటే తప్పించుకోవడం కష్టం. ఇన్‌వర్డ్ నంబరు ఎందుకంటే, కాగితం ఇవ్వకపోయినా ఆ నంబరు చెబితే అది ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. నాలుగో అంశంలో "లేకపోతే లేదని రాయండి" అన్న వాక్యం లేకుండా పంపితే, ఆ అంశాన్ని మాత్రం వదిలేసి మిగతావాటికి జవాబిస్తారు.

ఆరో అంశం మీద పట్టుబట్టాలి. ఫైలు పరిశీలన మొదటి గంట ఉచితం. నకళ్ళకు వేల రూపాయలు కట్టమని వచ్చినప్పుడు ఇదే ఆదుకుంటుంది. నోట్ ఫైలు, కరెస్పాండెన్స్ ఫైలు వేరువేరుగా ఉంటాయి. రెండూ తెమ్మనాలి. పేజీలకు నంబర్లు లేకపోతే మొదటి పేజీ, చివరి పేజీ ఏవో రాసుకుని, చూసిన ఫైళ్ళ పేర్లతో ఒక చీటీ మీద అక్కడి ఉద్యోగి సంతకం తీసుకోవాలి. తర్వాత కాగితం మాయమైతే ఈ చీటీ ఒక్కటే ఆధారం.

ఒకే దరఖాస్తును ఐదు శాఖలకూ పంపకూడదు. ఒకరి మీదొకరు సెక్షన్ 6(3) కింద బదిలీ చేసుకుంటూ కూర్చుంటారు. పీసీబీకి సీఎఫ్ఓలు, ఫారం-5, హజార్డస్ వేస్ట్ ఫారం-4 (ఏటా జూన్ 30లోగా), శాంపిల్ విశ్లేషణ రిపోర్టులు. కలెక్టరుకు ఆఫ్‌సైట్ ప్లాను, రిహార్సల్ తేదీలు, సంక్షోభ బృందం మినిట్స్. మున్సిపల్ కార్పొరేషనుకు 41బి కింద అందిన సమాచారం. ఇది ఎవరూ అడగరు, అక్కడ ఏమీ ఉండకపోవడమే ఎక్కువ. ఈసీ ఉంటే, షరతులు ఎంతవరకు పాటించారో చెప్పే ఆరు నెలల కంప్లయన్స్ రిపోర్టులు జూన్ 1, డిసెంబరు 1 నాటికి అందాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారమే అవి ప్రజాపత్రాలు. ఆర్టీఐ లేకుండా మామూలు దరఖాస్తుకే ఇవ్వాలి.

ఎక్కడ ఆగుతుంది

మొదటి అడ్డు వ్యాపార రహస్యం, సెక్షన్ 8(1)(డి). ఫార్ములాకు, ఉత్ప్రేరకం పేరుకు ఇది వర్తించవచ్చు. కాలువలో పోయే నీటికి, ట్యాంకులో ఎన్ని టన్నులుందన్న సంఖ్యకు వర్తిస్తుందని అనడం కష్టం. అదే క్లాజులో విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఉంది. సెక్షన్ 10 ప్రకారం రహస్య భాగం చెరిపేసి మిగతాది ఇవ్వాలి. అప్పీలులో రెండూ రాయాలి. కంపెనీ అభిప్రాయం కోరితే సెక్షన్ 11 కింద మొత్తం గడువు 40 రోజులవుతుంది. కంపెనీ వద్దన్నంత మాత్రాన తిరస్కరించకూడదు. నిర్ణయం పీఐఓదే, కారణం రాయాలి.

రెండోది దర్యాప్తులో ఉందనడం, 8(1)(హెచ్). ప్రమాదం తర్వాత దాదాపు ప్రతిదానికీ ఇదే జవాబు. దర్యాప్తు నడుస్తోందన్నంత మాత్రాన చాలదని, వెల్లడిస్తే అది ఎలా దెబ్బతింటుందో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. పాత సీఎఫ్ఓ బయటపెడితే ఏ దర్యాప్తు ఆగిపోతుందో చెప్పమని అడిగితే మొదటి అప్పీలులోనే ఒక్కోసారి దారి దొరుకుతుంది.

మూడోది భద్రత పేరు చెప్పి ఆన్‌సైట్ ప్లానును మొత్తంగా ఇవ్వకపోవడం. ఇక్కడ ఎక్కువ వాదించి లాభం లేదు. వాల్వుల మ్యాపు మనకెందుకు? ప్రమాదం జరిగితే ఎంత దూరం వరకు ప్రభావం, సైరన్ సంకేతాలు, ఎక్కడ గుమిగూడాలి అనే పేజీలు చాలని రాసివ్వండి.

జవాబు రాకపోతే 30 రోజులయ్యాక మొదటి అప్పీలు, దానికి 30 రోజుల గడువు. రెండో అప్పీలుకు 90 రోజులు. సమాచార కమిషన్ వరకు వెళితే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది కాబట్టి అసలు పనంతా మొదటి రెండు మెట్ల మీదే పూర్తిచేసుకునేలా దరఖాస్తు రాయాలి. గడువు దాటి ఇచ్చిన సమాచారానికి డబ్బు కట్టనక్కర్లేదు, సెక్షన్ 7(6). ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన లీకు జరిగిన రోజు వాడాల్సింది: ఏ రసాయనం పీల్చారో డాక్టరుకు చెప్పడానికి సేఫ్టీ డేటా షీటు కావాలని.

గేటు మీద మీటరు

2014 ఫిబ్రవరి 5న సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) ఇచ్చిన ఆదేశంతో 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు నిరంతర ఆన్‌లైన్ మానిటర్లు పెట్టాలి. అంతకుముందు 2003లో సుప్రీంకోర్టు హానికర వ్యర్థాల కేసులో, లోపల వాడే హానికర రసాయనాల రకం, పరిమాణం, గాలి, నీరు, ఘన వ్యర్థాల వివరాలతో గేటు బయట బోర్డు పెట్టాలని చెప్పింది. ఆన్‌లైన్ మీటరు ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), సీఓడీ (నీటిలో కాలుష్యానికి ఒక కొలత) లాంటివి చూపిస్తుంది. నిల్వ ట్యాంకు పైన ఏం జరుగుతోందో చూపించదు. ఎం-6 వేడెక్కుతున్న రోజుల్లో ప్లాంటు ఆగి ఉంది. చిమ్నీ మీటరులో సున్నాలే ఉంటాయి, ఆ సున్నాలు చూసిన వాళ్ళెవరైనా నిశ్చింతగానే నిద్రపోతారు. అందుకే గేటు బోర్డులో మొదట చూడాల్సింది మీటరు అంకె కాదు, రసాయనాల పట్టిక. పట్టిక ఖాళీగా ఉన్నా, ఏడాది కింది తేదీతో ఉన్నా ఫోటో తీసి, తేదీ కనబడేలా దాచి, దాన్నే పీసీబీ ఫిర్యాదుకు జత చేయాలి.

రూల్ 15 కాగితంలో ఏముండాలి

దొరికిన కరపత్రం పనికొచ్చేదో కాదో ఎలా తేల్చాలి? చాలా చోట్ల ఉండేది అన్ని రసాయనాలకూ ఒకే పేజీ: కంగారు పడవద్దు, తడి గుడ్డ ముక్కుకు కట్టుకోండి, అధికారులకు సహకరించండి. ఇది అమ్మోనియాకు కొంతవరకు సరిపోతుంది. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది, తడి గుడ్డ కొంత ఆపుతుంది. స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు, తడి గుడ్డ మీద భరోసా పెట్టుకోకూడదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా సుమారు మూడున్నర రెట్లు బరువు. పల్లంలోకి, కాలువల్లోకి, నేల మీద పడుకున్న మనుషుల మీదికి పాకుతుంది. ఘాటైన తీపి వాసన చాలా తక్కువ మోతాదులోనే తెలుస్తుంది, కానీ కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది. వాసన తగ్గింది కదా అని ప్రమాదం పోయిందనుకోకూడదు. 700 పీపీఎం దగ్గర వెంటనే ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క.

కాబట్టి స్టైరీన్ నిలవ ఉన్న ప్లాంటు పక్క వీధికి ఇవ్వాల్సిన కాగితంలో కనీసం ఇవి ఉండాలి. రసాయనం పేరు తెలుగులో, దాని వాసన ఎలా ఉంటుందో. సైరన్ ఎలా మోగితే లీకు, ఎలా మోగితే అంతా సర్దుకున్నట్టు. గాలి ఎటు వీస్తోందో చూడటానికి ఏ జెండా, ఎక్కడి నుంచి కనిపిస్తుంది. గాలికి అడ్డంగా, మెరక వైపు ఏ రోడ్డు మీదుగా పోవాలో వీధివారీగా, రాత్రి కరెంటు లేకపోయినా గుర్తుపట్టే గుర్తులతో. పశువుల కట్లు విప్పాలా వద్దా. ఆసుపత్రిలో డాక్టరుకు చూపించాల్సిన రెండు వాక్యాలు. ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్ నంబరు, అది రాత్రి మూడు గంటలకు ఎత్తుతారో లేదో ఒకసారి చేసి చూసి రాసిన తేదీ.